ఎమ్మెమ్మార్ టీకా వేసిన తొమ్మిదో రోజు పాప ఒంటి నిండా దద్దుర్లు, రెండో డోసు వేయించమంటారా వద్దంటారా?

పండు వాళ్ళమ్మ

మా పాపకి మొన్ననే ఏడాది నిండింది. పుట్టినప్పటి నుంచి ఒక్క టీకా కూడా తప్పించలేదు, ఎప్పుడూ ఓ పూట జ్వరం తప్ప ఇంకేమీ రాలేదు. ఈసారి ఎమ్మెమ్మార్ (తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా మూడింటికీ కలిపి వేసే టీకా) వేయించాం. వేసిన రోజు, మర్నాడు, ఆ వారమంతా హాయిగా ఆడుకుంది, నేను సూది సంగతే మర్చిపోయాను. ఏడో రోజు రాత్రి ఒళ్ళు కాలిపోతూ లేచింది, చూస్తే 101.8. పారాసెటమాల్ వేస్తే తగ్గడం, నాలుగైదు గంటలకి మళ్ళీ రావడం, ఇలా రెండు రోజులు. తొమ్మిదో రోజు పొద్దున స్నానం చేయిద్దామని గౌను విప్పితే చెవుల వెనక, మెడ మీద సన్నటి ఎర్ర చుక్కలు. సాయంత్రానికల్లా మొహం, ఛాతీ, పొట్ట, వీపు అంతా పాకేశాయి. దురద ఉన్నట్టు లేదు, గోక్కోవడం లేదు. చేత్తో తడిమితే మాత్రం సన్న ఇసుక మీద చెయ్యి పెట్టినట్టు గరుగ్గా ఉంది. నోట్లో ఏమీ లేదు, కళ్ళు మామూలుగానే ఉన్నాయి. పాలు కొంచెం తగ్గించింది గానీ ఆడుతోంది.

మేం ఎప్పుడూ చూపించే డాక్టరు గారు అందుబాటులో లేరు. ఇంకో డాక్టరుకి ఫోన్ చేస్తే ఆయన చూడకుండానే "టీకా పడలేదేమో, అలర్జీ అయి ఉంటుంది, ఇక అది వేయించకండి" అని దురద మందు చెప్పారు. ఆ మాట విన్నప్పటి నుంచి ఇంట్లో ఒకటే టెన్షన్. అత్తయ్య "బిడ్డకి ఒకసారి పడనిది మళ్ళీ ఎలా వేయిస్తావమ్మా" అంటున్నారు, ఆవిడ భయం నాకూ అర్థమవుతోంది. పైగా మా తోటికోడలికి మూడో నెల. ఇది తట్టు లాంటిదే అయితే తనకి అంటుకుంటుందేమోనని పాపని తీసుకుని నేను నిన్నటి నుంచి వేరే గదిలో ఉంటున్నాను.

ఇది నిజంగా టీకా వల్లేనా? అయితే అలర్జీ అనే అంటారా? రెండో డోసుకి ఇంతకన్నా పెద్దగా వస్తుందా? ఎవరికైనా ఇలా జరిగి ఉంటే చెప్పండి, ప్లీజ్. "ఏం కాదులే" అని వదిలెయ్యకుండా ఎందుకు ఏం కాదో చెప్పండి.

సముద్రం

అమ్మా, ముందు ఒక్క పని చేయండి, మిగతావి తర్వాత మాట్లాడుకుందాం. పల్చటి గాజు గ్లాసు ఒకటి తీసుకుని దాని పక్క భాగాన్ని ఆ చుక్కల మీద ఆనించి మెల్లిగా నొక్కండి. గాజులోంచి చూడండి. ఎరుపు మాయమై వదలగానే మళ్ళీ వస్తే సరే. నొక్కినా చుక్క చుక్కలాగే కనబడుతుంటే మాత్రం, అది చర్మం కింద రక్తం చిమ్మిన మచ్చ. అప్పుడు రేపటిదాకా ఆగకుండా ఈ పూటే ఆస్పత్రికి వెళ్ళండి.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే మా వాడికి అదే జరిగింది. ఎమ్మెమ్మార్ వేసిన పదిహేడో రోజున పిక్కల మీద గుండుసూది మొనంత ఎర్ర చుక్కలు కనిపించాయి. దోమలనుకున్నాం. మర్నాడు పళ్ళు తోముతుంటే చిగుళ్ళ నుంచి రక్తం ఆగలేదు. రక్త పరీక్ష చేయిస్తే ప్లేట్‌లెట్లు 18 వేలు, మామూలుగా లక్షన్నర పైన ఉండాలి. ఐటీపీ అన్నారు, అంటే ఒంటి రోగనిరోధక శక్తే ప్లేట్‌లెట్లని నాశనం చేసే జబ్బు. ఈ టీకా తర్వాత ఇది సుమారు 30 నుంచి 40 వేల డోసుల్లో ఒకరికి వస్తుందట, ఆరు వారాల లోపు. మా వాడే ఆ ఒక్కడయ్యాడు. రెండు రోజులు ఆస్పత్రిలో పెట్టి మందు ఎక్కించారు, నెల తిరిగేసరికి ప్లేట్‌లెట్లు మామూలుకొచ్చాయి, ఇప్పుడు ఎనిమిదేళ్ళు, మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

మా డాక్టరు గారు అప్పుడు చెప్పిన ఇంకో మాట కూడా చెప్తాను. తట్టు గానీ రుబెల్లా గానీ జబ్బుగానే వస్తే ప్లేట్‌లెట్లు పడిపోయే అవకాశం టీకా కన్నా ఎక్కువ. రెండో డోసు ముందు రక్తంలో యాంటీబాడీలు చూశారు, మొదటి డోసుతోనే తగినంత రక్షణ వచ్చిందని తేలడంతో మా వాడికి రెండోది ఆపారు. చూసి, కొలిచి, ఆ తర్వాతే ఆపారు, ఫోన్లో విని కాదు.

పిల్లల డాక్టర్

పైన గ్లాసు సంగతి చెప్పిన వారికి ధన్యవాదాలు, నేను కూడా మొదట అదే అడిగేదాన్ని. పాపని కళ్ళతో చూడకుండా తేల్చి చెప్పడం నా వల్ల కాదు, రేపు ఎవరో ఒక పిల్లల డాక్టరుకి బట్టలు విప్పి చూపించండి. కానీ మీరు రాసింది చదువుతుంటే కొన్ని విషయాలు ఇప్పుడే చెప్పొచ్చు.

టీకా తర్వాత ఒంటి మీద ఏది పోసినా మేం మొదట చూసేది గడియారం, క్యాలెండరు. ఆ తర్వాతే చర్మం. నిజమైన అలర్జీ, అంటే ఒళ్ళంతా దురదతో చప్పటి వాపుల్లా తేలే దద్దుర్లు, పెదవులు కళ్ళు ఉబ్బడం, ఊపిరి ఆడకపోవడం, ఇది నిమిషాల్లో మొదలవుతుంది, మహా అయితే నాలుగు గంటల్లోపు. ఒంట్లో అప్పటికే తయారై కూర్చున్న ఐజీఈ యాంటీబాడీలు చేసే పని అది, వాటికి వారం రోజులు ఎదురుచూడాల్సిన అవసరం లేదు. మీ పాపకి ఆ వారం అంతా ఏమీ లేదు.

ఏడు నుంచి పన్నెండు రోజుల మధ్య జ్వరం, ఆ వెంటనే సన్నటి ఎర్ర దద్దు, దురద లేకపోవడం, చెవుల వెనక మొదలై కిందికి పాకడం... ఇది ఎమ్మెమ్మార్‌కి ఉన్న అలవాటు. అందులో తట్టు వైరస్ బలహీనపరిచిన రూపంలో బతికే ఉంటుంది. అది లోపల కొన్ని రోజులు మెల్లగా పెరుగుతుంది, పాప రోగనిరోధక కణాలు దాన్ని గుర్తుపట్టి వెంటాడతాయి, ఆ వేట చర్మంలో జరిగినప్పుడు పైకి ఎర్రగా కనిపిస్తుంది. నేను చదువుకునే రోజుల్లో నన్ను ఆశ్చర్యపరిచిన విషయం ఒకటుంది. రోగనిరోధక శక్తి బాగా దెబ్బతిన్న పిల్లలకి అసలు తట్టు జబ్బు వచ్చినా కొన్నిసార్లు దద్దు పోయదు, పోరాడే కణాలే లేవు కాబట్టి. అంటే ఆ ఎరుపు వైరస్ గీసింది కాదు, ఎక్కువ భాగం మన ఒంటి సైన్యం గీసింది. ఎమ్మెమ్మార్ వేసిన నూరుమంది పిల్లల్లో సుమారు అయిదుగురికి ఇలా వస్తుంది, ఒకటి నుంచి మూడు రోజుల్లో వాడిపోతుంది. అలర్జీ దద్దుర్లలాగా అరుదైనదేం కాదు. మీరు ఏడో రోజు రాత్రి జ్వరం అని రాయగానే నాకు స్ఫురించింది ఇదే.

రెండో డోసు గురించి. చాలామంది పిల్లలకి మొదటి డోసుతోనే రక్షణ వచ్చేస్తుంది కాబట్టి రెండోసారి ఆ వైరస్ పెరిగే లోపే అణిగిపోతుంది. అందుకే రెండో డోసు తర్వాత ఈ దద్దు, జ్వరం ఇంకా తక్కువ. ఇంత పోసింది కదా వచ్చేసారి ఇంతకు రెట్టింపు పోస్తుంది అనే లెక్క ఇక్కడ పనిచెయ్యదు.

మీ తోటికోడలి గురించి మీరు పడుతున్న బాధ చదివి చాలా కష్టంగా అనిపించింది. టీకాలోని తట్టు వైరస్ ఒకరి నుంచి ఇంకొకరికి అంటుకున్న దాఖలాలు లేవు. ఇంట్లో గర్భిణి ఉన్నా పిల్లలకి ఎమ్మెమ్మార్ వెయ్యొచ్చనే నియమం, గర్భిణికి నేరుగా వెయ్యకూడదు, అంతే. ఆటలమ్మ టీకా సంగతి కొంచెం వేరు. దాని తర్వాత అయిదు నుంచి ఇరవై ఆరు రోజుల లోపు నాలుగైదు నీటి పొక్కులు కొందరికి వస్తాయి, వాటి నుంచి ఎప్పుడో బహు అరుదుగా అంటొచ్చు, కాబట్టి ఆ పొక్కులు బట్టతో కప్పి ఉంచమంటాం. మీది అది కాదు కదా.

ఒక్క జాగ్రత్త. టీకా వేసిన రోజుల్లోనే అసలు తట్టు సోకిన మనిషి పక్కన పాప ఉండి ఉంటే లెక్క మారుతుంది. విపరీతమైన దగ్గు, ముక్కు కారడం, ఎర్రబడి నీళ్ళు కారే కళ్ళు ఉంటే చెప్పండి. అనుమానం వస్తే ల్యాబులో వైరస్ జీనోటైప్ (జన్యు రకం) చూసి తేల్చొచ్చు, టీకా వైరస్‌లన్నీ "ఏ" రకానివే, బయట తిరిగేవి వేరే రకాలు.

చివరగా మీరు రాయని ఒక విషయం అడగాలి. జ్వరం వచ్చిన ఆ రెండు రోజుల్లో పారాసెటమాల్ కాకుండా ఇంకేదైనా మందు వేశారా? దాచకుండా చెప్పండి, తిట్టడానికి కాదు అడుగుతున్నది.

పండు వాళ్ళమ్మ

గ్లాసు పెట్టి చూశాను. మొహం మీద, పొట్ట మీద, తొడ మీద, అయిదారు చోట్ల. అన్నిచోట్లా ఎరుపు పోయి మళ్ళీ వచ్చింది. సముద్రం గారూ, మీరు చెప్పకపోతే నాకిది తెలిసేది కాదు, మీ బాబు చల్లగా ఉండాలి.

డాక్టరమ్మా, మీరు అడిగినదానికి... అవును, వేశాను. ఎనిమిదో రోజు రాత్రి జ్వరం తగ్గకపోతే, రెండు నెలల క్రితం చెవి నొప్పికి రాసిన అమాక్సిసిలిన్ పొడి సీసా ఇంట్లో ఉంటే నీళ్ళు కలిపి రెండు డోసులు పట్టాను. మర్నాడే ఒళ్ళంతా పోసింది. ఫోన్లో డాక్టరుకి కూడా ఇది చెప్పలేదు, సిగ్గేసింది. ఇప్పుడు ఏది దేని వల్లో ఎలా తెలుస్తుంది?

పిల్లల డాక్టర్

చెప్పారు, చాలా మంచి పని చేశారు. నా దగ్గరికి వచ్చే తల్లుల్లో సగం మంది ఇది మూడోసారి అడిగితే గానీ చెప్పరు.

నిజం చెప్పాలంటే ఇప్పుడు ముగ్గురు అనుమానితులున్నారు, టీకా వైరస్, అమాక్సిసిలిన్, లేదా ఈ రెండిటితో సంబంధం లేని మామూలు వైరల్ జ్వరం. ఏడాది వయసులో ఒంటి మీద ఏదైనా పోస్తే కారణం చాలాసార్లు మూడోదే అవుతుంది. జ్వరం మందుకన్నా ముందే వచ్చింది, రోజులు టీకా లెక్కకి సరిగ్గా సరిపోయాయి, కాబట్టి నా మనసు మొదటివైపే మొగ్గుతోంది. కానీ ఇక్కడ జరిగే నష్టం వేరే ఉంది. తొందరపడి కార్డు మీద "ఎమ్మెమ్మార్ అలర్జీ" అనీ "పెన్సిలిన్ అలర్జీ" అనీ రెండు ముద్రలూ కొట్టేస్తారు. ఆ ముద్రలు పాపతో పాటు పెరుగుతాయి. పెన్సిలిన్ అలర్జీ అని రాసుకుని తిరిగేవాళ్ళని కూర్చోబెట్టి పరీక్షిస్తే పదిమందిలో తొమ్మిది మందికి అలర్జీ లేదనే తేలుతుంది. ఈలోగా వాళ్ళకి సరైన మందు బదులు ఇంకేదో రాస్తూనే ఉంటారు.

అందుకని రేపు చూసే డాక్టరుని ఒక్కటే కోరండి. అలర్జీ అన్న మాట రాయకుండా జరిగింది జరిగినట్టు రాయమనండి. ఏ రోజు టీకా, ఏ రోజు జ్వరం, ఏ గంటకి మందు, ఎన్ని గంటలకి మొదటి చుక్క, దురద ఉందా లేదా. అమాక్సిసిలిన్ ఇప్పటికి ఆపండి, దాని సంగతి పాప కోలుకున్నాక అలర్జీ డాక్టరు పర్యవేక్షణలో తేల్చుకోవచ్చు. మిగిలిన సీసా దయచేసి పారెయ్యండి, కలిపిన సిరప్ ఒకటి రెండు వారాల కన్నా నిల్వ ఉండదు కూడా.

మందుల వల్ల వచ్చే దద్దుల్లో భయపడాల్సినవి కొన్ని ఉంటాయి. నోట్లో, కళ్ళలో, మూత్రం దగ్గర పుళ్ళు, చర్మం ముట్టుకుంటే ఏడ్చేంత నొప్పి, బొబ్బలు లేచి తోలు ఊడటం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అర్ధరాత్రయినా ఆస్పత్రికే. మీ పాపకి ఇవేవీ లేవని మీరు రాసినదాన్నిబట్టి అనుకుంటున్నాను.

దురద లేనప్పుడు దురద మందు వల్ల ఒరిగేదేం లేదు. ముఖ్యంగా ప్రోమెథజీన్ లాంటి మత్తు తెచ్చే రకం రెండేళ్ళ లోపు పిల్లలకి వెయ్యకూడదు, ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. సీసా మీద ఏం రాసి ఉందో చూడండి. జ్వరానికి ఆస్పిరిన్ కూడా వద్దు.

టీకాల సిస్టర్

పందొమ్మిదేళ్ళుగా సూదులు వేస్తున్నాను. డాక్టరమ్మ గడియారం అన్నారు కదా, దాని రెండో వైపు నేను చెప్తాను.

అసలైన అలర్జీని నేను ఇన్నేళ్ళలో ఒక్కసారే చూశాను. నలభై ఏళ్ళ ఆవిడ, సూది వేయించుకుని బయట బెంచీ మీద కూర్చున్నారు. పది పన్నెండు నిమిషాలకి లోపలికొచ్చి "సిస్టర్, అరిచేతులు దురద పెడుతున్నాయి" అన్నారు. చూస్తే అరిచేతులు ఎర్రగా ఉన్నాయి. నేను కుర్చీ లాగేలోపే మెడ మీద దద్దుర్లు పెద్దపెద్దవి ఒకదాన్లో ఒకటి కలిసిపోతూ లేచాయి, గొంతు బొంగురుపోయింది, మాట మధ్యలో గొంతు సవరించుకుంటున్నారు. ఆ గొంతు సవరించుకోవడమే నాకు గుర్తుండిపోయింది. తొడ బయటి వైపు కండలోకి అడ్రినలిన్ ఇచ్చి పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి పెట్టాం. అయిదు నిమిషాల్లో గొంతు తేటపడింది. ఆస్పత్రిలో ఆ రాత్రి ఉంచారు, ఎందుకంటే తగ్గినట్టే తగ్గి కొన్ని గంటల తర్వాత మళ్ళీ తిరగబెట్టొచ్చు.

అందుకే పదిహేను నిమిషాలు కూర్చోమంటాం, ఇంతకు ముందు దేనికైనా గట్టి అలర్జీ వచ్చినవాళ్ళని అరగంట. దయచేసి విసుక్కోకండి. అమెరికాలో 2009 నుంచి 2011 దాకా వేసిన రెండున్నర కోట్ల డోసుల రికార్డులు చూస్తే ఇలాంటి ప్రాణాంతక అలర్జీ 33 మందికి వచ్చింది, అంటే పది లక్షల డోసులకి ఒకటి కన్నా కాస్త ఎక్కువ. అంత అరుదు. అయినా ఆ ఒక్కరు మన బెంచీ మీద కూర్చుని ఉండొచ్చు కదా.

కళ్ళు తిరిగి పడిపోయేవాళ్ళు మాత్రం రోజూ ఉంటారు. వాళ్ళు పాలిపోతారు, చల్లచెమట పడుతుంది, నాడి నెమ్మదిస్తుంది, దద్దుర్లు మాత్రం ఉండవు. పడుకోబెడితే తేరుకుంటారు. ఇది సూదంటే భయం వల్ల, దీన్ని అలర్జీ అని రాయించుకోకండి.

అమ్మా, మీ పాప కార్డు మీద టీకా పేరు పక్కన బ్యాచ్ నంబర్ ఉంటుంది, లేకపోతే వేసిన చోట అడిగి రాయించుకోండి. జరిగింది వాళ్ళకి కూడా చెప్పండి. టీకా తర్వాత ఏం జరిగినా, కారణం టీకాయే అని తేలకపోయినా, దాన్ని నమోదు చేసే పద్ధతి ఉంది, ఏఈఎఫ్ఐ అంటాం. ఒకే బ్యాచ్‌తో చాలామందికి ఇలా జరుగుతుంటే పట్టుకునేది అలాగే. ఫోటోలు తీశారా? ఇవాళే తీయండి, పగటి వెలుతురులో, కిటికీ దగ్గర. రేపు డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికి సగం వాడిపోయి ఉంటాయి. ఇంకో మాట, చామనచాయ ఒంటి మీద ఎరుపు పుస్తకాల్లో ఫోటోల్లాగా కొట్టొచ్చినట్టు కనబడదు, ఊదా రంగులోనో ముదురు గోధుమ రంగులోనో ఉంటుంది, కాబట్టి మీరు చేసినట్టు చేత్తో తడిమి చూడటమే మంచిది.

నీలిమేఘం

నాది పెద్దవాళ్ళ కథ గానీ పనికొస్తుందని రాస్తున్నాను. కరోనా టీకా, ఎంఆర్‌ఎన్‌ఏ రకం, వేయించుకున్న రోజు చెయ్యి నొప్పి తప్ప ఏం లేదు. ఎనిమిదో రోజు అదే చేతి మీద అరచెయ్యంత ఎర్రగా, వేడిగా, గట్టిగా, దురద. చీము పట్టిందేమో అని యాంటీబయాటిక్ వాడించారు. అయిదారు రోజుల్లో పోయింది, మందు వల్ల పోయిందనుకున్నాను. తర్వాత తెలిసింది, 2021 మార్చిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో పన్నెండు మంది గురించి అచ్చం ఇదే వచ్చిందని. వాళ్ళకీ సగటున ఎనిమిదో రోజే, ఆరు రోజుల్లో పోయింది. అది ఇన్ఫెక్షన్ కాదు, రోగనిరోధక కణాలు ఆలస్యంగా వచ్చి చేసే హడావిడి. వాళ్ళందరూ రెండో డోసు తీసుకున్నారు, సగం మందికి మళ్ళీ అంత పెద్దగా రాలేదు, పావు వంతు మందికి తక్కువగా వచ్చింది, మిగతా పావు వంతుకి మొదటిసారి లాగే వచ్చింది. నేను రెండోది రెండో చేతికి వేయించుకున్నాను, రూపాయి బిళ్ళంత ఎరుపు వచ్చి రెండు రోజుల్లో పోయింది.

అనవసరంగా యాంటీబయాటిక్ తిన్నాననే బాధ ఉంది నాకు. ఆ డాక్టరుని తప్పు పట్టను, అప్పటికి ఎవరికీ తెలీదు.

సన్నజాజి

అందరూ ధైర్యం చెప్తున్నారు, మంచిదే. కానీ రెండో వైపు మాట కూడా ఒకరు చెప్పాలి. మా చెల్లికి నాలుగేళ్ళప్పుడు ఎమ్మెమ్మార్ వేసిన పదిహేను నిమిషాలకి ఒళ్ళంతా దురద దద్దుర్లు లేచాయి, కళ్ళు వాచిపోయాయి. అమ్మ చూపిస్తే "టీకా అన్నాక ఇలాంటివి మామూలే" అని పంపేశారు. ఎక్కడా రాయలేదు. పదేళ్ళ తర్వాత ఏదో గొట్టం మాత్ర వేసుకుంటే మళ్ళీ అలాగే, ఈసారి ఊపిరి కూడా ఆడలేదు. అప్పుడు అలర్జీ డాక్టరు తవ్వి చూస్తే దొరికింది గెలటిన్. ఆ గొట్టం తయారయ్యేది దాంతోనే, కొన్ని టీకాల్లో వైరస్ పాడవకుండా కలిపేది కూడా అదే. జపాన్‌లో 1990ల్లో టీకాల తర్వాత ఇలాంటి అలర్జీలు వస్తుంటే గెలటిన్ అని గుర్తించి, అక్కడి టీకాల్లోంచి దాన్ని తీసేశారట. ఆ మొదటి రోజే ఎవరైనా సమయం రాసి, పరీక్షకి పంపి ఉంటే మా చెల్లికి ఆ రెండో గండం వచ్చేది కాదు.

"మామూలే" అనే మాట కూడా ఒక ముద్రే. చూడకుండా అలర్జీ అనడం ఎంత తప్పో, చూడకుండా మామూలే అనడమూ అంతే తప్పు.

పిల్లల డాక్టర్

సన్నజాజి గారూ, మీరు రాసిన ప్రతి మాటా నిజం. పదిహేను నిమిషాల్లో లేచిన దద్దుర్లని మామూలే అని పంపడం మా వృత్తిలో జరిగే తప్పు, నేను ఒప్పుకుంటాను. అలా వచ్చినవాళ్ళకి తర్వాతి డోసు ముందు తప్పకుండా అలర్జీ డాక్టరు చూడాలి, టీకాలో ఏ పదార్థమో వెతకాలి, గెలటిన్ కావచ్చు, నియోమైసిన్ అనే యాంటీబయాటిక్ కావచ్చు. చాలామంది గుడ్డు అనుకుంటారు. ఎమ్మెమ్మార్‌లోని గవదబిళ్ళల వైరస్‌ని, చాలా రకాల టీకాల్లో తట్టు వైరస్‌ని కూడా, కోడిపిండం కణాల్లో పెంచుతారు గానీ గుడ్డు అలర్జీ ఉన్న పిల్లలకి కూడా అది వెయ్యొచ్చు, అందులో ఉండే గుడ్డు ప్రోటీన్ లెక్కలోకి రానంత తక్కువ.

ఇలా వెంటనే లేచే దురద దద్దురు ఎవరికైనా వస్తే ఒక చిన్న పని చెయ్యండి. ఒక దద్దురు చుట్టూ పెన్నుతో గీత గీసి టైము రాయండి. మామూలు దద్దురు ఒకే చోట 24 గంటలు ఉండదు, గీత లోంచి జరిగిపోయి ఇంకో చోట లేస్తుంది. అక్కడే రోజు దాటి కూర్చుంటే, పోయేటప్పుడు కమిలిన మచ్చ మిగిలితే అది వేరే జాతి, చర్మం డాక్టరు చూడాలి.

పండు వాళ్ళమ్మ

అందరికీ మళ్ళీ నమస్కారం, రెండు రోజులు రాయలేకపోయాను. మర్నాడే పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్ళాం. పాప బట్టలన్నీ విప్పి కాళ్ళ వేళ్ళ మధ్య కూడా చూశారు. నోరు చూశారు, గ్లాసు పెట్టి నొక్కారు, ఒక రక్త పరీక్ష చేశారు, ప్లేట్‌లెట్లు 3 లక్షల 10 వేలు. టీకా దద్దే అయ్యే అవకాశం ఎక్కువన్నారు. అమాక్సిసిలిన్ సంగతి నేనే ముందు చెప్పాను, ఆరు వారాల తర్వాత తీసుకురమ్మన్నారు, అక్కడే వాళ్ళ కళ్ళ ముందు ఒక డోసు పట్టి చూస్తారట. దురద మందు ఆపించారు.

వెళ్ళేసరికి మొహం మీదవి పోయాయి, సిస్టర్ గారు చెప్పినట్టు ఫోటోలు లేకపోతే చూపించడానికేం మిగిలేది కాదు. ఇవాళ పొట్ట మీద గోధుమ రంగులో కొంచెం నీడలా ఉంది, అంతే. జ్వరం లేదు, పాలు మళ్ళీ మామూలుగా తాగుతోంది. బ్యాచ్ నంబర్ కార్డు మీద ఉంది, టీకా వేసిన చోట చెప్తే రాసుకున్నారు.

కార్డులో డాక్టరు గారు రాసింది ఇది: "టీకా తర్వాత 7వ రోజు జ్వరం, 8వ రోజు రాత్రి అమాక్సిసిలిన్ 2 డోసులు, 9వ రోజు దురద లేని సన్నని దద్దు, నొక్కితే మాయం. రెండో డోసు సమయానికి వెయ్యవచ్చు." అత్తయ్య ఆ కార్డు అడిగి తీసుకుని రెండుసార్లు చదివారు. "ఆయన పాపని అంతసేపు చూశాడా" అని అడిగారు, చూశారని చెప్పాను. సరే అయితే ఆ రోజు నేనూ వస్తాను, ఆ పదిహేను నిమిషాలు నా ఒళ్ళో కూర్చోబెట్టుకుంటాను అన్నారు. తోటికోడలు నిన్న సాయంత్రమే మా గదిలోకి వచ్చి పాపని ఎత్తుకుంది.